పాసైతే సరిపోతదా బిడ్డా?

ఆ రోజు మా ఫ్యామిలీ గ్రూపులో నేను పెట్టింది ఒక్కటే మాట. ‘నార్మల్’. పది నిమిషాల్లో దాని కింద ఇరవైకి పైగా దండాలు, ఎర్ర గుండె బొమ్మలు వచ్చి పడ్డాయి. మా మేనత్త అయితే వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కూడా మొక్కేసింది. అమ్మ గుండె పరీక్ష రిపోర్టులో చివరి లైను అదే మరి. నేనేం కల్పించి రాయలేదు.

మూడు రోజుల తర్వాత గుండె డాక్టరు గారు అదే రిపోర్టును రెండుసార్లు చూశారు. ఆయన దండం పెట్టలేదు, నవ్వలేదు. ‘దీనికి ముందు తీసిన రిపోర్టు ఏదమ్మా?’ అన్నారు.

ఈ వారం కాలమ్ ఆ ‘ముందు తీసిన రిపోర్టు’ గురించే. క్యాన్సర్ అన్న మాట కనపడగానే వేలు పైకి తోసేసి తర్వాతి రీలుకు వెళ్లిపోతారని నాకు తెలుసు. మొన్నమొన్నటి దాకా నేనూ అదే పని చేసేదాన్ని. కానీ మన ఇళ్లల్లో ఆసుపత్రి ఫైలు మోసేది, రిపోర్టు ఫొటో తీసేది, గూగుల్‌లో వెతికేది మన వయసు వాళ్లమే కదా. అందుకే ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

రోగం ఒకచోట, పరీక్ష ఇంకోచోట

మాది హనుమకొండ. అమ్మ సర్కారు బడిలో లెక్కల టీచర్. ముందటేడు వేసవి సెలవుల్లో ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. అప్పుడు ఆమెకు 51 ఏళ్లు. హైదరాబాద్‌లో నేనుండే ఇంటికి దగ్గర్లోని ఓ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. గడ్డను పరీక్షిస్తే ‘హెర్ 2 పాజిటివ్’ అని వచ్చింది. అంటే ఆ రకం క్యాన్సర్‌కు మామూలు కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ అనే ఇంకో మందు కూడా పనిచేస్తుందన్నమాట.

డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం మీద ప్లాన్ అంతా రాసిచ్చారు. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు. ఆ తర్వాత వారం వారం ఇంకో మందు, పన్నెండు సార్లు. దాంతో పాటే మొదలుపెట్టి ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్. ఇవన్నీ కింద ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్న లైను: ‘కీమోకు ముందు ఎకో’.

అమ్మకు అది నచ్చలేదు. ‘రోగం రొమ్ముల ఉంటే గుండెకెందుకె పరీక్ష? నా గుండెకేమైంది? ఊకె పైసలు గుంజుతున్నరు’ అంది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఇంకో బిల్లు, ఇంకో సగం రోజు లీవు. కానీ ఆ రిపోర్టు లేకుండా కీమో డేట్ ఇవ్వమని కౌంటర్లో ఖచ్చితంగా చెప్పేశారు. వాళ్లు అంత మొండిగా ఉన్నందుకు ఇవాళ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటున్నా.

కోట పక్క మట్టిలోంచి వచ్చిన ఎర్ర మందు

మొదటి నాలుగు కీమోల్లో అసలైన మందు పేరు డాక్సోరుబిసిన్. చూడ్డానికి రోజ్‌మిల్క్ సిరప్‌లా ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక ఒకట్రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి ఇల్లంతా ఏడుపులే. విదేశాల్లో పేషెంట్లు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు ‘రెడ్ డెవిల్’. ఎర్ర దయ్యం!

ఈ దయ్యం పుట్టుక కూడా కథలాగే ఉంటుంది. ఇటలీ దక్షిణాన అపూలియా అనే ప్రాంతంలో కాస్టెల్ డెల్ మోంటే అని 13వ శతాబ్దపు కోట ఒకటుంది. 1950లలో ఆ కోట పరిసరాల్లోని మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి క్యాన్సర్ కణాలను చంపే ఎర్రటి పదార్థం తీశారు. దాన్నే ఇంకాస్త మార్చి తయారుచేసింది డాక్సోరుబిసిన్. పక్కనే ఉన్న ఆడ్రియాటిక్ సముద్రం పేరు మీద దానికి ఆడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. 1974లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్, లింఫోమా, పిల్లల్లో వచ్చే కొన్ని క్యాన్సర్లు... ఎన్నిట్లోనో ఈ మందు ప్రాణాలు నిలబెట్టింది. ఇప్పటికీ నిలబెడుతోంది.

కానీ ఒక మెలిక ఉంది. క్యాన్సర్ కణాన్ని చంపే ఈ మందు గుండె కండరాన్ని కూడా దెబ్బతీయగలదు. చర్మం గీరుకుపోతే కొత్తది వస్తుంది. కీమోకు ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది. గుండె కండర కణాలు అలా కాదు, పోయినవి దాదాపు పోయినట్టే.

ఎంత మందు ఎక్కిందన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది. ఒంటి విస్తీర్ణంలో చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని దీనికో లెక్క ఉంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో 630 మంది పేషెంట్ల వివరాలు కూడి చూశారు. మొత్తం మందు 400 మిల్లీగ్రాములకు చేరేసరికి 5 శాతం మందికి, 550కి చేరితే 26 శాతం మందికి, 700 అయితే 48 శాతం మందికి హార్ట్ ఫెయిల్యూర్ వచ్చేలా ఉందని తేలింది. అందుకే ఇప్పుడు అంత దూరం పోనివ్వరు. అమ్మకు నాలుగు కీమోలు కలిపి రాసింది 240.

‘మరి 240 తక్కువే కదా, భయమెందుకు?’ అని నేనూ అడిగా. ఇంత డోసు దాటితేనే దెబ్బ, దాటకపోతే లేదు అనే గీత ఏదీ లేదన్నారు డాక్టరమ్మ. పైగా ట్రాస్టుజుమాబ్ కూడా గుండె పంపింగును తగ్గించగలదు. ఈ రెండూ ఒకే మనిషికి ఇస్తున్నప్పుడు గుండె మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

గుండెకు ఫొటో

ఎకో అంటే మీకు తెలిసిందే అనుకోండి. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే, గుండెకు తీస్తారు. శబ్ద తరంగాలతో పని, రేడియేషన్ ఉండదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. ఛాతీకి చల్లటి జెల్ రాసి, చేతిలో ఇమిడే పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించి అటూ ఇటూ తిప్పుతారు. ‘ఊపిరి బిగబట్టండి... వదలండి’ అంటుంటారు. తెర మీద నలుపు తెలుపుల్లో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. అమ్మ తల తిప్పి చూసి, ‘చేపపిల్ల లెక్క కొట్టుకుంటుంది’ అంది.

ఆ రిపోర్టులో అందరూ చూసేది ఒక అంకె. పేరు ఈజెక్షన్ ఫ్రాక్షన్. పేరు చూసి బెదరకండి. గుండె ఎడమ గదిలో వంద మిల్లీలీటర్ల రక్తం నిండిందనుకుందాం. ఒక్క దెబ్బకు అందులో 62 మిల్లీలీటర్లు బయటికి తోస్తే ఆ అంకె 62 శాతం. వందకు వంద ఎవరికీ ఉండదు. ఇంచుమించు 55కు పైన ఉంటే బాగున్నట్టు లెక్క.

కీమోకు ముందు అమ్మ అంకె 62. నేను రిపోర్టుకు ఫొటో తీశా. అసలు కాగితాన్ని నాన్న హనుమకొండ తీసుకెళ్లి బీరువాలో, భూమి కాగితాల పక్కన పెట్టారు.

గ్యాలరీలో వెతుకులాట

నాలుగు ఎర్ర కీమోలూ అయిపోయాయి. బతుకమ్మ పండుగ ముందర రెండో ఎకో తీశారు. అంకె 56. చివర్లో ‘నార్మల్’. అదే నేను గ్రూపులో పెట్టింది.

ఇక గుండె డాక్టరు గారు మొదటి రిపోర్టు అడిగినప్పుడు నా పరిస్థితి చూడాలి. కాగితం 140 కిలోమీటర్ల దూరంలో బీరువాలో ఉంది. ఫోన్ గ్యాలరీలో ఏడు వేల ఫొటోలున్నాయి. కారిడార్లో నిలబడి జూన్ నెల దాకా వెనక్కి లాగుతున్నా. బిర్యానీ, స్క్రీన్‌షాట్లు, ఆఫీసు ఫేర్‌వెల్, మళ్లీ స్క్రీన్‌షాట్లు... లోపల్నుంచి పేరు పిలుస్తున్నారు. చివరికి కొంచెం వంకరగా, నా బొటనవేలు పడ్డ ఫొటో ఒకటి దొరికింది. జూమ్ చేస్తే అక్షరాలు కనపడ్డాయి. దేవుడున్నాడు అనుకున్నా.

ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. 62, 56. ‘ఈ తేడాను బట్టే ఏమీ చెప్పలేం. మామూలు ఎకోలో ఒకే మనిషికి రెండుసార్లు తీసినా అటూ ఇటూగా పది పాయింట్ల దాకా తేడా రావచ్చు’ అన్నారు. తర్వాత వేలు ఇంకో లైను మీదికి జరిగింది. నేను అప్పటిదాకా కన్నెత్తి చూడని లైను. ‘స్ట్రెయిన్’ అని ఉంది. మొదటి రిపోర్టులో మైనస్ 21. రెండోదాంట్లో మైనస్ 17.

‘నేను భయపడుతోంది దీన్ని చూసి.’

స్ట్రెయిన్ అంటే ఇది. తెర మీద గుండె కండరం సన్నటి చుక్కల్లా కనిపిస్తుంది. కంప్యూటర్ ఆ చుక్కల్ని పట్టుకుని, గుండె కొట్టుకున్నప్పుడు కండరం పొడవులో ఎంత శాతం కుంచించుకుంటోందో కొలుస్తుంది. పొడవు తగ్గుతుంది కాబట్టి అంకెకు ముందు మైనస్. సాధారణంగా మైనస్ 20 అటూ ఇటూగా ఉంటుంది. గుండె దెబ్బతినడం మొదలైనప్పుడు ఈ కుంచించుకోవడమే ముందు తగ్గుతుంది. అయినా గుండె ఎలాగోలా సర్దుకుని అంతే రక్తం తోస్తూ ఉంటుంది. అందుకే ఈజెక్షన్ ఫ్రాక్షన్ చాన్నాళ్లు బాగానే కనిపిస్తుంది. లోపల పదిమంది చేసే పనిని ఏడుగురు చేస్తున్నా బయటికి సరుకు అంతే వస్తున్నట్టు. ఆ ఏడుగురూ అలిసిపోయిన రోజు ఒక్కసారిగా పడిపోతుంది.

మొదటి అంకెతో పోలిస్తే స్ట్రెయిన్ 15 శాతానికి మించి తగ్గితే జాగ్రత్త పడాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. 21 నుంచి 17కు అంటే 19 శాతం తగ్గినట్టు. ‘మైనస్ 17 ఒక్కటే చూస్తే కొంచెం తక్కువ అనుకుని వదిలేసేవాళ్లం. మొదటిది ఉంది కాబట్టి దొరికింది’ అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. ‘అంతే కద సార్. 92 మార్కులొచ్చే పిల్లకు 70 వచ్చినయనుకో. పాసే. మెమో మీద పాసనే ఉంటది. కానీ నేను వాళ్ల నాన్నను పిలిపిస్త. పాసైతే సరిపోతదా? పోయినసారి ఎన్నొచ్చినయో చూడాలె కద.’

ఆయన పెన్ను కింద పెట్టి, ‘టీచరమ్మా, నేను ఇన్నాళ్లు చెప్తున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పారు’ అన్నారు.

ముందు చూస్తే ఏం లాభం?

‘సరే, ముందు కనిపెట్టారు. ఏం చేస్తారు? కీమో ఆపేస్తారా?’ ఇది నా ప్రశ్న. ఆపరు. ముందే మందులు మొదలుపెడతారు. ఏస్ ఇన్‌హిబిటర్లు, బీటా బ్లాకర్లు అనే రకాలు. మామూలుగా బీపీకి వాడేవే, ఇక్కడ గుండె మీద భారం తగ్గించడానికి ఇస్తారు.

ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలని చూపించిన అధ్యయనం కూడా ఇటలీదే. మిలాన్ నగరంలో ఇలాంటి కీమో వల్ల గుండె పంపింగు తగ్గిన 201 మందిని గమనించి 2010లో ప్రచురించారు. కీమో అయిపోయిన రెండు నెలల్లోపు మందులు మొదలుపెట్టిన వాళ్లలో 64 శాతం మంది గుండె పూర్తిగా కోలుకుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టిన వాళ్లలో పూర్తిగా కోలుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అదే బృందం 2015లో 2,625 మందిని చూసి చెప్పింది ఇంకోటి: గుండె దెబ్బతిన్నవాళ్లు 9 శాతం. వాళ్లలో 98 శాతం మందికి ఆ దెబ్బ కీమో అయిన మొదటి ఏడాదిలోనే కనిపించింది.

ఈ 9 శాతాన్ని రెండు వైపుల నుంచీ చదవండి. నూటికి తొంభై మందికి పైగా ఏమీ కాలేదు. కాబట్టి ‘కీమో అంటే గుండె పోతుంది’ అని భయపడి వైద్యం మానేయడం తప్పు. మిగిలిన ఆ కొద్దిమందిలో మనం ఉన్నామో లేదో బయటి నుంచి తెలియదు. అందుకే లోపలికి తొంగి చూడాలి.

ఈ తొంగి చూడటానికి వెనకటికి పెద్ద తంటాలే పడ్డారు. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో మార్గరెట్ బిల్లింగ్‌హామ్ అనే డాక్టర్ బృందం మెడ నరంలోంచి సన్నటి తీగ పంపి, గుండె కండరంలోంచి చిటికెడు ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసేది. ఆ తర్వాత మూగా స్కాన్ వచ్చింది. ఎర్ర రక్తకణాలకు కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం అంటించి, గుండె ఎంత రక్తం తోస్తోందో కెమెరాతో లెక్కపెట్టడం. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఎకోనే ముందు వరసలో ఉంది. చిటికెడు కండ తీయకుండానే, జెల్ రాసి చూసేస్తున్నారు. మన కాలం మంచిదే!

మూడో అంతస్తు మెట్లు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అవలేదు.

అమ్మకు రెండు రకాల గోళీలు రాశారు. ట్రాస్టుజుమాబ్ మొదలైంది. మూడు నెలలకోసారి ఎకో అన్నారు. నేను మళ్లీ ఆఫీసు, మీటింగులు, డెడ్‌లైన్లలో పడిపోయా. అమ్మ నా దగ్గరే ఉంది. నేనుండేది లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు.

సంక్రాంతి అయ్యాక ఒక రోజు రెండో అంతస్తు ఆంటీ నన్ను ఆపి అడిగారు. ‘మీ అమ్మగారు రోజూ మా గుమ్మం ముందు కూర్చుని వెళ్తున్నారు, ఏమైనా చెప్పుకోలేని బాధా?’

అప్పుడు ఒక్కొక్కటే తట్టాయి. నాతో మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి చెప్పు సర్దుకునేది. రోజూ సర్దుకోవాల్సినంత పాడైన చెప్పు కాదది. రాత్రి నా దిండు కూడా తీసుకుని రెండు దిండ్ల మీద పడుకుంటోంది. అడిగితే మెడ నొప్పి అంది. ‘కాళ్ల పట్టీలు బిగుతైనయ్’ అని తీసి డబ్బాలో పెట్టేసింది. మూడూ నా కళ్ల ముందే జరిగాయి. నీరసం, రక్తం తక్కువ, కీమో అంటే అంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఆ రాత్రి నిలదీశా. ఆయాసం వస్తోందని ఒప్పుకుంది. గోళీలు నెల రోజులుగా మానేసిందట. ‘నాకు బీపీ లేదు కద, బీపీ గోళీలెందుకు? ఏసుకుంటే కండ్లు తిరుగుతున్నయ్.’

‘మరి డాక్టర్‌కెందుకు చెప్పలేదు?’

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. ‘గుండె బాగలేదని తెలిస్తే క్యాన్సర్ సూది ఆపేస్తరు. ఆపితే అది మళ్లొస్తది. గుండెకోసం సూది వద్దననా, సూదికోసం గుండె పోనీ అననా? రెండిట్ల ఏది మంచిదో నాకు తెల్వలే బిడ్డా. అందుకే ఊకున్న.’

నా దగ్గర జవాబు లేదు. తెల్లారి ఆఫీసుకు సెలవు పెట్టా.

ఎకోలో అంకె 48 వచ్చింది. ఆపరేషన్ అయింది ఎడమ వైపే కావడంతో బొమ్మ సరిగ్గా రావట్లేదని, నమ్మకం కుదరడానికి గుండె ఎంఆర్ఐ కూడా తీయించమన్నారు. గుండె గదుల కొలతలకు, పంపింగు లెక్కకు అన్నిటికంటే ఖచ్చితమైనదిగా దాన్ని చెప్తారు. కండరంలో వాపు ఉందా, మచ్చ పడిందా అనేది కూడా దాంట్లో తెలుస్తుంది. ఖర్చు ఎకో కంటే చాలా ఎక్కువ, అన్ని ఊళ్లలో దొరకదు, అందుకే అందరికీ అన్నిసార్లూ తీయరు. సొరంగం లాంటి మిషన్లో ముప్పావుగంట. ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా అమ్మ ఎక్కాలు చదువుకుందట.

ఎంఆర్ఐలో 49. మచ్చ లేదు. ఆ రెండో మాట విన్నాకే నాన్న కుర్చీలో కూర్చున్నారు.

గుండె డాక్టరు, క్యాన్సర్ డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుకున్నారు. ట్రాస్టుజుమాబ్ కొన్నాళ్లు నిలపాలన్నారు. అమ్మ భయపడ్డదే జరిగింది. ఆమె మొహం చూసి డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ‘ఆపెయ్యట్లేదమ్మా, ఆగుతున్నాం. ఎర్ర మందు చేసే దెబ్బ వేరు, దీని దెబ్బ వేరు. దీనివల్ల తగ్గిన బలం చాలామందిలో మందు ఆపి, గుండెకు గోళీలిస్తే తిరిగొస్తుంది. వచ్చాక మళ్లీ మొదలుపెడదాం. మీరు దాచిపెడితే మాత్రం రెండూ చేజారిపోతాయి.’

గోళీలు మానేయడం వల్లే ఇలా అయిందా అని అడిగా. అలా అని ఖచ్చితంగా చెప్పలేమన్నారు. కళ్లు తిరగకుండా డోసు తగ్గించి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచారు. నీరు తీసే గోళీ ఒకటి కలిపారు. ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ జాడీని నేను ఆఫీసుకు తీసుకుపోయి స్నేహితులకు పంచేశా. అమ్మ నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఆరు వారాల తర్వాత మళ్లీ ఎకో. అదే ల్యాబ్, అదే మిషన్, అదే టెక్నీషియన్. ఈసారి నేను అంకె కనపడగానే ఊపిరి వదల్లేదు. ముందు పాతవి పక్కన పెట్టుకున్నా. 62, 56, 48, ఇప్పుడు 54. స్ట్రెయిన్ కూడా మైనస్ 18కి వచ్చింది. ట్రాస్టుజుమాబ్ మళ్లీ మొదలైంది. మధ్యలో ఆగినన్ని వారాలు వెనక్కి జరిగి, పూర్తి కోర్సు అయిపోయింది. ఈ జూన్‌లో అమ్మ బడికి వెళ్లింది. గోళీలు నడుస్తున్నాయి. గుండె ఎకో ఇంకా కొన్నేళ్లు అప్పుడప్పుడూ తీయించాల్సిందే.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో ఉంటే

ఇవి నేను ఆలస్యంగా నేర్చుకున్నవి. మీకు ముందే ఉపయోగపడాలని రాస్తున్నా.

మొదటిది, కీమో రాసినప్పుడే అడగండి: ‘ఈ మందు గుండె మీద పనిచేస్తుందా? ముందు ఎకో కావాలా?’ అన్ని కీమోలకూ అవసరం ఉండదు. డాక్సోరుబిసిన్, ఎపిరుబిసిన్ లాంటి ఎర్ర మందులు, ట్రాస్టుజుమాబ్ ఉంటే మాత్రం ముందు ఎకోను వదలొద్దు. మొదలయ్యాక తీసింది ‘మొదటి ఫొటో’ అవ్వదు.

రెండోది, వీలైనంత వరకు ఒకే చోట, ఒకే మిషన్ మీద తీయించండి. స్ట్రెయిన్ లెక్క ఒక కంపెనీ మిషన్‌కు, ఇంకో కంపెనీ మిషన్‌కు కొంచెం తేడా వస్తుంది. ‘స్ట్రెయిన్ కూడా రాస్తారా?’ అని తీసే ముందే అడగండి. అన్నిచోట్లా రాయరు.

మూడోది, బీపీ, షుగర్, పాత గుండె జబ్బు, ఛాతీకి ఇంతకుముందు రేడియేషన్ ఇచ్చి ఉండటం... ఇవేవైనా ఉంటే దాచకుండా చెప్పండి. వీళ్లకు ప్రమాదం ఎక్కువ, పరీక్షలు ఇంకా దగ్గర దగ్గరగా అవసరం కావచ్చు.

నాలుగోది, మెట్ల మీద ఆగడం, పడుకుంటే ఆయాసం, దిండ్లు పెరగడం, పాదాల వాపు, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం. పెద్దవాళ్లు నోటితో చెప్పరు. మనం చూడాలి. కనపడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఐదోది, అంకె తగ్గిందని కీమో మీరే మానేయొద్దు. అంకె బాగుందని గుండె గోళీలు మీరే మానేయొద్దు. ఆ రెండూ ఇద్దరు డాక్టర్లు కలిసి తేల్చాల్సిన విషయాలు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడటం మాత్రం మన పని.

ఇప్పుడు నా ఫోన్లో ‘అమ్మ గుండె’ అని ఒక ఆల్బమ్ ఉంది. తేదీల ప్రకారం రిపోర్టులన్నీ ఉన్నాయి, వంకరగా ఉన్న ఆ మొదటిది కూడా. బొటనవేలు కత్తిరించలేదు, అలాగే ఉంచా.

మొన్న ఆదివారం అమ్మ హనుమకొండ నుంచి వచ్చింది. కింద గేటు దగ్గర సంచులు నేను తీసుకున్నా. మెట్లెక్కుతున్నాం. రెండో అంతస్తులో ఆంటీ గుమ్మం దగ్గర అమ్మ ఆగింది. నా గుండె జారింది.

‘ఏందే అట్ల జూస్తవ్? ఆంటీకి సకినాలు తెచ్చిన, ఇచ్చొస్తనుండు’ అంది.

కాళ్లకు పట్టీలున్నాయి. అయినా సరే, వచ్చే నెల 12న ఎకో ఉంది. ఇద్దరం వెళ్తున్నాం. ఈసారి గ్రూపులో ‘నార్మల్’ అని పెట్టను. పోయినసారి ఎంత, ఈసారి ఎంత, రెండూ పెడతా.